గ్రహణం నాడు సంధ్య పక్కన

గ్రహణం పట్టినప్పుడు తప్ప రోకలి తనంతట తాను నిలబడదని గుర్వయ్య నడిరోడ్డు మీద వాదనకు దిగిన పొద్దున, నేను సైన్సు మ్యూజియం గోడకు ఆనుకుని సీతాఫలాలు పేర్చుకుంటున్నాను. గుర్వయ్యది ఎదురుగా ఉన్న పూజ సామాన్ల దుకాణం. అతని మనవరాలు బడి పిల్లలతో వచ్చి మ్యూజియం చూసిపోయి, రోకలి ఏ రోజైనా నిలబడుతుందట తాతా అని చెప్పిందట. ఆ రాత్రి అతనికి అన్నం సహించలేదు. పిల్లలకు ఆ ముక్క చెప్పిన మనిషెవరో బయటికి రమ్మన్నాడు.

వచ్చింది సంధ్య. అక్కడికి వచ్చేవాళ్లకు అన్నీ తిప్పి చూపించి, విడమరిచి చెప్పే ఉద్యోగం ఆమెది.

"ఏమ్మా, పెద్దల మాట అబద్ధమని పోరగాండ్లకు నేర్పుతున్నవా?"

"అబద్ధమని ఎవరన్నరు కాకా? గ్రహణం నాడు రోకలి నిలవడతది. నేను కాదన్ననా?"

"మరి?"

"గ్రహణం లేనినాడు గూడ నిలవడతది. మీ ఇంట్ల రోకలి ఉంటె తెప్పియ్యి, చూద్దాం."

రోకలి వచ్చింది. ఇత్తడి పళ్లెం అతని దుకాణంలోదే. అందులో నీళ్లు పోసి, సంధ్య కొంగు నడుముకు దోపుకుని రోడ్డు మీదే గొంతుకూర్చుంది. పిల్లకు పేలు చూసినంత ఓపికగా రోకలిని అటూ ఇటూ సర్ది వదిలింది. పడింది. గుర్వయ్య నవ్వాడు. మళ్లీ పెట్టింది. మళ్లీ పడింది. ఈసారి గుర్వయ్యతో పాటు ఆటోవాళ్లు కూడా నవ్వారు. ఆ తర్వాత పెట్టినప్పుడు రోకలి కదలలేదు. పట్టపగలు, ఎండ దంచుతుండగా, పళ్లెం నడిమిట్ల గుంజ పాతినట్టు నిలబడింది.

గుర్వయ్య తలెత్తి సూర్యుణ్ణి చూశాడు. "ఏ దేశంలనో పట్టి ఉంటది గ్రహణం," అన్నాడు.

జనం గొల్లుమన్నారు. సంధ్య నవ్వలేదు. "రేపు పెడదాం, ఎల్లుండి గూడ పెడదాం కాకా. రోజూ పడతదా? ఇప్పుడు నువ్వు పెట్టు. కింద తొడిగిన ఇనుప పొన్ను చదునుగ ఉంది చూడు, మోసేది గదే. చెయ్యి వణకకుండ మెల్లగ వదులు."

అతను కూర్చున్నాడు. చాలాసేపు తిప్పలు పడ్డాడు. చివరికి అతని చేతిలోనూ నిలబడింది. తాను ఓడిపోయిన సంగతి కూడా మరిచిపోయి, "మా ఇంటి రోకలే," అని చుట్టూ ఉన్నవాళ్లకు చెప్పుకున్నాడు, మనవరాలు ఫస్టున పాసయినట్టు.

నేను పోట్లాటలు చాలా చూశాను, చాలా చేశాను కూడా. ఓడినవాడు ఛాతీ విరుచుకుని ఇంటికి పోయిన పోట్లాట అదొక్కటే చూశాను.

ఆ సంధ్య ఇప్పుడు నెలలు నిండి పాలమూరు దవాఖానలో చేరింది. కాన్పు గది బయట బల్ల మీద కబురు కోసం చూస్తూ కూర్చుని ఇది రాస్తున్నాను. నాలుగో తరగతి దాకా పోయినదాన్ని, అక్షరం వంకరగా ఉంటే ఉండనీ, మాట వంకర లేదు. అంతకంటే ఎక్కువ ఎందుకు చదవలేదంటే, నేను పుట్టడమే పై పెదవి చీలి పుట్టాను. మా వైపు దాన్ని గ్రహణం మొర్రి అంటారు. మొర్రి బిక్షమ్మ అని పిలిచిన ఒకడి నెత్తిన పలక పగలగొట్టి వచ్చేశాను, మళ్లీ పోలేదు. పెళ్లయింది, పిల్లలయ్యారు, వాళ్ల పెదవులు శుభ్రంగా ఉన్నాయి. నా పెదవి మాత్రం నాతోనే ఉంది.

తెలంగాణ వచ్చిన కొత్తలో పాత గోదామొకటి బాగుచేసి ఈ మ్యూజియం పెట్టారు. అప్పటి నుంచి దాని గోడ నాది. సీతాఫలాల కాలంలో సీతాఫలాలు, చలికాలం రేగుపండ్లు, తర్వాత పుచ్చకాయలు. గోడ నాదే కానీ లోపలికి ఎన్నడూ పోలేదు. అద్దాల గదుల్లో నాకేం పని అనుకునేదాన్ని. ఒక సాయంత్రం పెద్ద వాన కొడుతుంటే సంధ్య వచ్చి బుట్టతో సహా నన్ను లోపలికి గుంజుకుపోయింది. అక్కడొక కాటా ఉంది. ఎక్కి నిలబడితే చందమామ మీద మన బరువెంతో చూపిస్తుంది.

"చందమామ మీద నువ్వు తొమ్మిది కిలోలే అవ్వా."

"నా బుట్టనో?"

"అది గూడ అల్కగనే ఉంటది. ఒక వేలితోటి లేపుతవు."

"అక్కడ బేరమాడేటోళ్లు ఉన్నరా?"

"ఒక్కరు గూడ లేరు."

"అట్లయితె నాకెందుకు, నువ్వే పో."

సంధ్యది నారాయణపేట. వాళ్ల నాయిన సీతారాములు మగ్గం మనిషి. చిన్నప్పుడు ఈమె కండెలు చుట్టేది. ఎండాకాలం వస్తే నూలు ఊరికే తెగిపోయేదట. సీతారాములు మగ్గం గుంటలో నీళ్లు చల్లి, తడిబట్టలు ఆరవేసి, గాలికి దాహం తీరితే నూలు జోలికి రాదని చెప్పేవాడట. ఆ మాట నిజమా కాదా అని తెలుసుకోవడానికే నేను చదువుకున్నానవ్వా అంటుంది. మ్యూజియంలో కూడా అంతే. మజ్జిగ కవ్వం, చేద బావి గిలక, కుండలో నీళ్లు చల్లబడడం, అన్నిటినీ పట్టుకుని మాట్లాడుతుంది. మొన్న వానాకాలం చివర మనవాళ్లు చందమామ మీద దించబోయిన యంత్రం ఆఖరి ఘడియలో మూగబోయినప్పుడు, బడి పిల్లలు ఇంట్లో మనిషి పోయినట్టు ముఖాలు వేసుకుని వచ్చారు. "ఎక్కడ తప్పిందో వెతుకుతున్నరు. దొరుకుతది. మళ్లీ పోతం," అంది.

అప్పటికే ఆమె కడుపుతో ఉంది. పెళ్లయిన ఏడేండ్లకు నిలిచిన కడుపు.

మార్గశిర అమావాస్యకు సూర్యగ్రహణం ఉందని మ్యూజియం గోడకు, అంటే నా నెత్తి మీద, పెద్ద బట్ట కట్టారు. ఊళ్లో జనమంతా పొద్దున్నే వచ్చి ఆవరణలో నిలబడి చూడాలని పిలుపు. ఆ పనంతా సంధ్యకే అప్పగించారు. బట్ట కట్టిన రెండో రోజే వాళ్ల అత్త సుగుణమ్మ గేటు దగ్గరికి వచ్చింది. కొడుకు శ్రవణ్‌కుమార్ ఎంత చెప్పినా పెళ్లాం వినలేదని తానే వచ్చిందట.

"ఏడో నెల కడుపుతోటి గ్రహణంల బయట తిరుగుతవా? పదిమంది ముందర?"

"అత్తమ్మా, నేనే లోపట తలుపేసుకుంటె, బయటికి రమ్మని జనానికి ఏ ముఖంతోటి చెప్పాలె?"

"జనానికి ఇంకొకలు చెప్తరు. నీ కడుపు ఇంకొకలు మోస్తరా?" అని, సుగుణమ్మ గిర్రున తిరిగి నా వైపు చెయ్యి చాపింది. "గా బిక్షమ్మ మూతి చూడు. వాళ్లమ్మ గ్రహణంల కత్తిపీట ముట్టింది. ఇంతకంటె ఏం సాక్ష్యం కావాలె నీకు?"

ఎవరైనా నన్నొక మాట అంటే నాలుగు తిరిగి ఇచ్చేదాన్ని. ఆ రోజు తల వంచుకుని రేగుపండ్లు ఏరుకున్నాను. ఎందుకంటే ఆమె అన్నది మా అమ్మ చెప్పిన మాటే.

సంధ్య ముఖం ఎర్రబడింది. అత్తను గేటు దగ్గరే వదిలి వచ్చి నా బుట్ట దగ్గర కూర్చుంది. "అవ్వా, అడగొచ్చునో లేదో. మీ అమ్మకు అప్పుడు ఎన్నో నెల?"

"నిండు నెలలు. నెల తిరగకముందే పుట్టిన నేను."

ఆపైన అడగకుండానే అంతా చెప్పాను. చేను నుంచి వచ్చిన మా తాత ఆకలని కేకలేస్తే, గ్రహణం విడవకముందే మా అమ్మ తలుపు చాటున కూర్చుని సొరకాయ కోసింది. నేను పుట్టాక మా నాయినమ్మ కత్తిపీటను అటక మీద పెట్టేసింది. ఇంటికి చుట్టాలొచ్చినప్పుడల్లా దించి, ఇదే ఆ కత్తిపీట అని చూపించేది. మా అమ్మ పడుకునేటప్పుడు నా పెదవి చీలిక మీద వేలు పెట్టి రాసేది, రాస్తే అతుక్కుంటుందేమో అన్నట్టు. నా కత్తే బిడ్డా, నా కత్తే అనేది. పోయేదాకా అదే మాట.

సంధ్య నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. ఒక గదిలో, తల్లి కడుపులో బిడ్డ నెలనెలా ఎలా పెరుగుతుందో చూపే బొమ్మలు వరుసగా పెట్టి ఉన్నాయి. మొదటిది పెసరగింజంత. చివరిది గంపెడంత. ఆమె మొదట్లోనే, మూడో నెల బొమ్మ దగ్గర ఆగింది.

"ఇగో, గిక్కడ చూడు. ముఖం రెండు దిక్కుల నుంచి పెరుగుకుంట వచ్చి నడుమ కలుస్తది. పెదవి గట్లనే తయారయితది. గీ మూడో నెల దాటకముందే అంత అయిపోతది. కొందరికి కలవది. ఎందుకు కలవదో డాక్టర్లకు గూడ పూర్తిగ తెల్వది. గని కలవకపోతె అప్పుడే కలవలే. మీ అమ్మ సొరకాయ ముట్టిన నాటికి నీ పెదవి ఎట్ల ఉండాల్నో గట్లనే ఉండె అవ్వా. ఎన్నో నెలల ముందు నుంచి."

"మరి కత్తి?"

"కత్తి సొరకాయనే కోసింది."

నేనక్కడున్న స్టూలు మీద కూర్చున్నాను. ఏడవలేదు, ఎవరైనా ఏడ్చానని చెబితే నమ్మకండి. ఆ బొమ్మ ముఖమే చూస్తూ ఉన్నాను, వేలెడంత కూడా లేదు, దానికి ముక్కు, దాని కింద పెదవి. నాకు మేలు చేసినవాళ్లు ఊళ్లో నలుగురున్నారు. మా అమ్మకు మేలు చేసిన మనిషి ఈ లోకంలో సంధ్య ఒక్కతే. అది కూడా ఆమె మట్టిలో కలిసిన ఇన్నేండ్లకు. ఆ రుణం ఎట్లా తీర్చాలో నాకు తెలియదు. తీర్చే ఆలోచన కూడా లేదు, ఉండనీ.

బయటికి వచ్చేసరికి సుగుణమ్మ ఇంకా గేటు దగ్గరే ఉంది.

"సుగుణమ్మా, నా మూతిని సాక్ష్యానికి పిలిచినవు గద. సాక్ష్యం వచ్చింది, ఇను," అన్నాను. విన్నదంతా చెప్పాను, మా నాయినమ్మకు చెప్పాల్సినవి కూడా కొన్ని కలిపి చెప్పాను. "మా అమ్మను ఉత్తగనే కాల్చుకతిన్నరు. నీ మనవని పెదవి ఎప్పుడో తయారయింది. ఇప్పుడు సూర్యునికి ఎవరడ్డమొచ్చినా అది మారది."

సుగుణమ్మ నాతో కొట్లాడలేదు. గేటు ఊచ పట్టుకుని నిలబడింది. "నువ్వు మంచిగనే చెప్తవు బిక్షమ్మక్కా. ఏడేండ్లకు నిలిచింది. నాకు భయమయితాంది."

ఉన్న మాటే అన్నాను. "భయపడు. ఎవరొద్దన్నరు? ఇంట్ల కూసోని భయపడే బదులు, వచ్చి పిల్ల పక్కన నిలవడి భయపడు."

గ్రహణం నాడు ఆమె వచ్చింది. దర్భపోచ తెచ్చి కోడలి నడుముకు దోపింది. సంధ్య కాదనలేదు. ఆవరణ నిండా జనం. గ్రహణం చూసే కళ్లద్దాలు లేకుండా తల ఎత్తొద్దని సంధ్య మైకులో పదే పదే చెప్పింది. అద్దాలు దొరకనివాళ్లను ఇంటి నుంచి జల్లెడ తెచ్చుకోమంది. పిండి జల్లెడ ఎండకు అడ్డం పట్టుకుంటే కింద నేల మీద ఎన్ని చిల్లులో అన్ని సూర్యుళ్లు. మొదట గుండ్రంగా ఉన్నారు. చూస్తుండగానే అందరికీ ఒక పక్క కొరికినట్టయింది. కాసేపటికి నేలంతా చవితి చంద్రుళ్లు. అరవై ఏండ్లుగా పిండి జల్లిస్తున్నాను, నా జల్లెడలో అంత పనుందని నాకు తెలియదు.

సుగుణమ్మ వసారాలో కళ్లు మూసుకుని కూర్చుంది. కోడలు ఎక్కువసేపు ఎండలో నిలబడిందని చూసుకుని, ఉండబట్టలేక లేచి వచ్చింది. అప్పుడే పక్కన ఎవరో పట్టుకున్న జల్లెడలోంచి ఆ వంకర సూర్యుళ్ల వెలుగులు సంధ్య కడుపు మీద పడ్డాయి. సుగుణమ్మ వాటిని దుమ్ము దులిపినట్టు చేత్తో దులిపింది. అవి ఆమె చేతి మీదికి ఎక్కాయి. తిప్పి చూసుకుంది. అరచేతిలోనూ ఉన్నాయి. ఇక దులపలేదు. ఆ చెయ్యి అట్లాగే కోడలి కడుపు మీద పెట్టుకుని, గ్రహణం విడిచేదాకా నిలబడింది.

మ్యూజియంవాళ్లు అందరికీ ఉప్మా పెట్టారు. సంధ్య తిన్నది, నేను తిన్నాను. సుగుణమ్మ తినలేదు కానీ కోడలికి మంచినీళ్లు తానే తెచ్చిచ్చింది.

జనమంతా పోయాక సంధ్య వచ్చి నా పక్కన గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చుంది. పాదాలు వాచి ఉన్నాయి.

"అవ్వా, నీతోటి పనుంది. స్కానింగుల అంత మంచిగనే ఉందన్నరు. గని స్కానింగుకు అన్ని కనవడవు. వేలు వంకర పుట్టినా, ఒంటి మీద మచ్చ ఉన్నా గీ గ్రహణం మీదికే తోస్తరు. మంచిగ పుడితె నేను గెలిచిన్నంటరు, గది గూడ తప్పే. ఎట్ల పుట్టినా దీనికి దానికి సంబంధం లేదు."

"లేదు."

"ఆ దినం నువ్వు దవాఖానకు రావాలె. నా మంచం పక్కన కూసోవాలె. ఎవరన్న నోరు తెరిస్తె నువ్వు నీ నోరు తెరువు."

"దానికి పిలవాల్నా? పిలవకున్నా వస్తుంటి."

నవ్వింది. నవ్వి, వాచిన కాళ్లను మెల్లగా దగ్గరికి లాక్కుంది.

"వాళ్లనే కాదవ్వా. ఏమన్న అయితె, చదివింది, అందరికి చెప్పింది అంత మరిచిపోయి, ఆ పొద్దు బయటికి పోకుంటె అయిపోవునేమో అని నేనే ఏడుస్తనేమో. మీ అమ్మకు కాదని చెప్పేటోళ్లు లేకుండె. నాకు నువ్వు చెప్పు. వినకపోతె తిట్టు. బాగ తిట్టు."