హాలేజీ గంట, బాపు భోజనం

మోకాలి ఆపరేషన్ చేయాలంటే ముందు బరువు తగ్గాలని కరీంనగర్‌ సర్జన్ మా నాన్నను, అంటే బాపును, రెండోసారి కూడా వెనక్కి పంపించారు. బొగ్గు కంపెనీ నాకిచ్చిన క్వార్టర్ రెండో అంతస్తులో ఉంది. కింద అరుగు మీద కూర్చునే తోటి రిటైర్డ్ కార్మికులతో ఆయన మెట్లు దిగలేక బాల్కనీలోంచే మాట్లాడేవారు.

బొగ్గుబావిలో బాపు హాలేజీ ఇంజన్ నడిపారు. తాడుకు కట్టిన బొగ్గు టబ్బులను లాగే ఇంజన్ అది. నడిపేవారికి టబ్బులు కనిపించవు. లోపలి నుంచి వచ్చే గంటే ఆధారం. నడుస్తుండగా ఒక్కసారి మోగితే ఆపాలి. ఆ గంటల తీగలను చూసుకోవడం ఇప్పుడు నా ఉద్యోగం.

భోజనం దగ్గర మాత్రం బాపు ఆగేవారు కాదు. కడుపు నిండలేదనేవారు. అవ్వ, అంటే మా అమ్మ, నమ్మేది కాదు. అదంతా తిండి మీది ఆశేనని పక్కింటివాళ్లతోనూ అనేది.

బాపు షుగర్‌కు చూపించుకునే డాక్టర్ మాత్రం నమ్మారు. ఇన్సులిన్ పని రక్తంలోని చక్కెరతోనే అయిపోదని, అది మెదడుకూ చేరి తిన్నది చాలని చెప్పే సంకేతాల్లో ఒకటని, ఊబకాయం ఉన్నవారిలో మెదడు దానికి సరిగా స్పందించకపోవచ్చని వివరించారు. కారణం ఇదొక్కటే అనుకోవద్దని కూడా అన్నారు.



"అంటే లోపట గంట కొడ్తనే ఉన్నరు. ఇంజన్ కాడ ఇనవడ్తలేదు," అన్నారు బాపు తిరుగు ప్రయాణంలో.

తీగ తెగిందా అని అవ్వ అడిగింది. తెగలేదని, సంకేతం సరిగా అందడం లేదని నేను సవరించాను.

"అయితే బయటి నుంచి నేను కొడ్త," అన్నది అవ్వ.

ఆనాటి నుంచి డాక్టర్ చెప్పిన కొలతే వడ్డించి, అది పూర్తికాగానే స్టీలు గ్లాసు మీద గరిటెతో ఒక్కసారి కొట్టేది. బాపు చెయ్యి కడుక్కునేవారు. ఆకలి తీరిందని ఆయన ఒక్కనాడూ అనలేదు. బరువు మాత్రం తగ్గుతూ వచ్చింది.

ఆ మధ్య చొప్పదండిలో బంధువుల పెళ్లికి వెళ్లాం. భోజనాల బంతిలో బాపు పక్కన, ఆయనతో పనిచేసిన ఇద్దరు హాలేజీ ఆపరేటర్లు కూర్చున్నారు. మటన్ రెండోసారి వస్తుండగా అవ్వ గ్లాసు మీద కొట్టింది. మూడు చేతులు ఆగిపోయాయి.

"ఏమైంది వదినె?" అన్నాడొకాయన.

"మీకు గాదు. మీరు తినుండ్రి."

బాపు విస్తరి వైపు చూస్తూ, "నాకింకా ఆకలైతనే ఉంది," అన్నారు.

"అయితది. లేవుండ్రి."

ఆయన బల్ల పట్టుకుని లేచారు.

తరువాతి వారం సర్జన్ తూకం చూసి ఆపరేషన్‌కు రోజు చెప్పారు. ఆస్పత్రికి సర్దిన సంచిలో అవ్వ అన్నిటికంటే ముందు గ్లాసు, గరిటె పెట్టింది.