వరలక్ష్మి మేడమ్ స్కూటరు ఆగిన చోట

వేడి తారు వాసన తగిలితే చాలు, నాకు వరలక్ష్మి మేడమ్ గుర్తొస్తారు. మొన్న చీపురుపల్లి వెళ్తుంటే దారిలో రోడ్డు వేస్తున్నారు. బస్సులో అందరూ ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం కిటికీ అద్దం పూర్తిగా తీశాను.

ఆమదాలవలసలో మాకు చరిత్ర చెప్పిన మనిషి ఆవిడ. ఆదివారం వస్తే నన్ను స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని హైవే ఎక్కేవారు. ఎక్కితే తిన్నగా పోనిస్తేగా! గట్టున ఏ పాత రాయి కనబడినా బ్రేకు పడాల్సిందే. "పుస్తకంలో ఉన్నది ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చే. లేనిది చూద్దాం, దిగు," అనేవారు. ఎండకి నా మాడు పేలిపోయేది. లోపల తిట్టుకుంటూనే దిగేదాన్ని.

ఒకసారి తారు కాస్తూ రోడ్డు వెడల్పు చేస్తున్న చోట, పసుపు పూసి చీర చుట్టిన రాయి కనిపించింది. ఊరివాళ్లకి అది అమ్మవారు. జాతరనాడు కూడా కడగరట, పసుపు మీద పసుపు పేరుకుపోయింది. మర్నాడు అక్కడ మట్టి పోసేస్తారని పనివాళ్లు చెప్పారు. మేడమ్ గబగబా రాయి దగ్గరికి వెళ్లారు. పూజ చేసే పైడమ్మను అడిగి, చీర కాస్త జరిపి, రాయిని చేత్తో తడిమారు. కత్తి పట్టిన చెయ్యి. మెలితిరిగిన మీసం.

"ఊరి మీద పడ్డవాళ్లతో పోరాడి చచ్చిపోయినవాడికి ఇలాంటి రాయి నిలిపేవారు," అన్నారు నాతో మెల్లగా.

"అమ్మో, ఆవిడతో అనకండి మేడమ్! అమ్మవారు కాదంటే మట్టి పడకముందే ఈ రాయిని ఎవరు పక్కకి తీస్తారు?"

"అబద్ధం చెప్పి కాపాడితే నాకు నిద్ర పట్టదే," అని, పైడమ్మకి ఉన్నదున్నట్టు చెప్పేశారు. అంతే, ఇక రాయి దక్కదనుకున్నాను. నాకు ఒళ్లు మండిపోయింది.

పైడమ్మ తనూ రాయి మీద చెయ్యి పెట్టి తడిమింది. "ఓలమ్మో! ఇన్నాళ్లూ మీసాలోడికి సీర కట్టినామేటి!" అని పగలబడి నవ్వింది. నవ్వు ఆగాక ఊరివైపు తిరిగి కేకేసింది. "ఒరే, గునపాలు ఒట్టుకు రండ్రా! మన కోసం సచ్చినోడురా. మట్టిలో ఒగ్గేస్తామేటి?"

సాయంత్రానికి రాయి అవతలి గట్టుకు చేరింది. మేడమ్ అందరి ముందూ ఏడ్చేశారు.

ఆవిడ పోయి చాలాకాలమైంది. ఇప్పుడు బడిలో నా పిల్లలకి నేను చరిత్ర చెబుతున్నాను. నిజం చెబితే జనం తట్టుకోలేరేమో అని మనసు వెనక్కి లాగుతుంటుంది. అయినా చెప్పేస్తాను. చెప్పి, ఎదుటివాళ్లు నోరు విప్పేదాకా అక్కడే నిలబడతాను.