మా దాదీకి నేను చెప్పిన సినిమా

మా చిన్నప్పుడు ఏ సినిమా అయినా మా దగ్గరి ఊరు గార్లకు వచ్చిన రోజు నుంచే కొత్తది... అప్పటికి పెద్ద ఊరు మానుకోట గోడల మీద దాని పోస్టర్లను మేకలు తిని అరిగించుకుని ఉండేవి.

మా తండా నుంచి బాపు, దాదీ, నేను మ్యాట్నీకి వెళ్లేవాళ్లం. బాపు అంటే నాన్న, దాదీ అంటే బాపు వాళ్లమ్మ. ఆమెకు మా లంబాడీ తప్ప తెలుగు రాదు. అందుకని నాలుగో తరగతిలో ఉన్న నన్ను బాపు అధికారిక అనువాదకుడిగా నియమించాడు... జీతం ఆటకో సమోసా. (ఈ కింది మాటలు కూడా మా భాషవే. తెలుగు చేసి పెడుతున్నాను, అలవాటైన పని కదా.)

ఉద్యోగంలో ఒకటే చిక్కు. మా తండాలో ఎవరైనా పోతే ఆడవాళ్లు కొంగు ముఖం మీదకు లాక్కుని, రాగం తీసి ఏడుస్తారు. దాదీ అందులో ఆరితేరిన మనిషి. ఒకసారి సినిమాలో హీరో తమ్ముడు చనిపోతే ఆమె ఎత్తుకున్న రాగానికి హాలంతా వెనక్కి తిరిగింది... గేటు దగ్గరి ఆయన టార్చిలైటుతో పరుగెత్తుకొచ్చాడు.

"ఇంకోపారి ఏడిస్తే సినిమా బంద్. నీకూ బంద్, వీనికీ బంద్," అని బాపు తేల్చేశాడు.

అంటే నా సినీ జీవితమంతా దాదీ కన్నీళ్ల మీద ఆధారపడిందన్నమాట.

తర్వాతి సినిమాకు బాపు మాకు రెండు వరుసల ముందు కూర్చున్నాడు. ఇంటర్వెల్ కాకముందే హీరో తల్లి కన్నుమూసింది... దాదీ చెయ్యి కొంగు మీదకు పోయింది.

"ఏమైందిరా ఆమెకు?" అని ఇంకో చేత్తో నా చెయ్యి గిల్లింది.

"ఏం కాలే దాదీ. పండుకున్నది."

"మరి నలుగురు మోసుకపోతుండ్రు?"

"అన్న ఇంటికి... బయ్యారం. బస్సు లేదట."

దాదీ నమ్మింది. మా తండాకూ బస్సు లేదు.

కాసేపటికి ఫోటోకు దండ పడింది. పుట్టినరోజు అన్నాను. హీరో గుండు చేయించుకున్నాడు. మొక్కు అన్నాను. చెమటలు పడుతున్నా ఉద్యోగ ధర్మం తప్పలేదు.

సినిమా అయిపోయింది. అందరూ లేచారు... దాదీ లేవలేదు.

"యాడీ, లేవు. అయిపాయె," అన్నాడు బాపు. యాడీ అంటే అమ్మ.

"ఎట్ల అయిపాయె? తల్లి ఇంక రాలే. కొడుకు పెండ్లికి సుత రాలే. అన్న ఇంట్ల గన్ని రోజులు ఎవరన్న ఉంటరా?"

బాపు నెమ్మదిగా నా వైపు తిరిగాడు. నిజం చెబితే రాగం... చెప్పకపోతే ఈమె కదలదు.

"తర్వాతి ఆటల వస్తది దాదీ," అన్నాను.

"అయితే చూసే పోదాం."

బాపు గేటు ఆయన దగ్గరికి నడిచాడు. "జర పది నిమిషాలు కూసోనియ్యి అన్నా, ముసలామె."

"మొన్న ఏడ్చినామెనే కదా?"

"ఏడ్వొద్దనే కూసుంటున్నది."

ఆయనకు ఏమర్థమైందో గానీ వదిలేశాడు. ఫస్ట్ షో మొదలైంది. రెండో సీన్‌లోనే హీరో తల్లి నిక్షేపంగా వచ్చి, కొడుకు పళ్లెంలో అన్నం వడ్డించింది...

దాదీ తృప్తిగా తలూపింది. "వచ్చింది. ఇగ నడువుండ్రి."

బయటికొచ్చాక బాపు సమోసాలు రెండు కొనిచ్చాడు. నా సర్వీసులో దక్కిన ఏకైక ఇంక్రిమెంట్ అది.

ఈ శుక్రవారం మానుకోటకు మూడు కొత్త సినిమాలు వచ్చాయి. ఒకటి రెండో భాగం... మొదటి భాగం చూసినవాళ్లు నాకింకా దొరకలేదు. ఇంకోదాంట్లో హీరో కారు దిగి నడిచేసరికే ఇంటర్వెల్ అయింది. మూడోది దయ్యం కథ... హాల్లో ముగ్గురమే ఉండడంతో నిజంగానే భయమేసింది. కళాపోషకుడిగా మూడూ చూశాను. మూడింట్లోనూ ఎవరో ఒకరు పోయారు. హాల్లో ఒక్కరూ ఏడవలేదు. పక్కాయన ఫోన్ చూసుకుంటున్నాడు.

దాదీ పోయి ఆరేళ్లు. ఇప్పుడు తెర కింద అక్షరాలు వస్తాయి, ఏ భాష సినిమా అయినా ఎవరికి వాళ్లకు అర్థమైపోతుంది... పక్కవాళ్లను అడగాల్సిన పనే లేదు. మీ చెయ్యి గిల్లి "ఏమంటున్నడురా?" అని అడిగినవాళ్లు ఎవరు? ఒక్క మాట రాయండి... చదువుతూ కూర్చుంటాను.