నన్ను ఇంటిపెద్దను చేసిన పడవ స్టవ్

1927 చలికాలం. శృంగవరపుకోటలో మాకు ఇనుప సామాన్ల దుకాణం ఉండేది. మేకులు, గొలుసులు, గడ్డపారలు, బకెట్లు అమ్మేవాళ్ళం. నేను గల్లాపెట్టె పక్కన పుట్టి, త్రాసు కింద పెరిగినవాణ్ణి. బేరం ఆడకుండా ఏదీ కొనలేదు, అమ్మలేదు. నా పెళ్ళిలో ముహూర్తాన్ని ఒక ఘడియ ముందుకు జరపమని పురోహితుడితో కూడా బేరమాడానని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకొని నవ్వుతారు.

దుకాణంతో పాటు నాకు ఇంకో పని ఉండేది. కొండల మీద కాఫీ తోటల బంగళాలలో చలికి స్టవ్వులు బిగించడం. కట్టెలు వేసే ఈ స్టవ్ మన వంట పొయ్యి లాంటిది కాదు. నాలుగు కాళ్ళ పోత ఇనుప పెట్టె, ముందు తలుపు, వెనక పొగగొట్టం. ఆ గొట్టాన్ని ఫ్లూ పైపు అంటాం. మంట పెట్టెలోనే ఉంటుంది, వేడి గదంతా పరుచుకుంటుంది. వినడానికి సులువుగానే ఉంటుంది కానీ, పొగ మాత్రం చెప్పిన మాట వినే జంతువు కాదు.

ఊరు విడిచి వెళ్ళిపోతున్న ఒక తోట దొర దగ్గర వేలంలో అలాంటి చిన్న స్టవ్ ఒకటి కొన్నాను. గొప్ప బేరం కొట్టానని మురిసిపోయాను. మైదానంలో దాన్ని కొనేవాడెవడు? రెండేళ్ళు దుకాణం మూల పడి ఉంది. మా అమ్మ అందులో చింతపండు దాచుకునేది. మా నాన్న దాన్ని చూసినప్పుడల్లా, "మీ దొర ఇంకా భోంచెయ్యలేదా?" అని నన్ను అడిగేవాడు.

అలాంటి దాన్ని వెతుక్కుంటూ ఒకరోజు డాక్టర్ రూతమ్మగారు దుకాణానికి వచ్చారు. కొండమీద మత్స్యగెడ్డ అనే ఏటి ఒడ్డున ఉన్న ఒక మిషన్ ఆసుపత్రికి ఆవిడే డాక్టరు. గెడ్డ పొడుగునా ఉన్న పల్లెలు తిరగడానికి సన్నటి, పొడుగాటి పడవ ఒకటి చేయించుకున్నారు. మధ్యలో చెక్క గది.

"శెట్టిగారూ, దీన్ని నా పడవలో బిగిస్తారా?"

"పడవలోనా! అమ్మా, ఇది నిప్పు, అది చెక్క, కింద నీళ్ళు. ఈ మూడింటికీ ఎప్పుడూ పొసగలేదు."

"మీరు పొసగేట్టు చేస్తారని వచ్చాను. చలికాలంలో రోగులను డోలీలో తెస్తుంటే సగం దారిలోనే బిగుసుకుపోతున్నారు."

ధర చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. బల్ల మీద కూర్చొని నన్నే చూస్తూ ఉండిపోయారు. అరిచేవాళ్ళతో, అలిగి మెట్లు దిగేవాళ్ళతో బేరం ఆడడం నాకు తెలుసు. మాట్లాడకుండా కూర్చునే వాళ్ళతో అలవాటు లేదు. ఉండబట్టలేక నా ధర నేనే తగ్గించుకున్నాను. అప్పటికీ పలకకపోతే మళ్ళీ తగ్గించాను. చివరికి కొండెక్కి వచ్చి బిగించిపెట్టడం ఉచితం అన్నాను. అప్పుడు ఆవిడ, "సంతోషం" అని లేచారు. లోపల మా నాన్న దగ్గు వినబడింది.

అనంతగిరి ఘాట్ మీదుగా ఎడ్లబండిలో స్టవ్ ఎక్కించాం. బండిలో పట్టడానికి ఫ్లూ పైపును పొట్టి ముక్కలుగా చేయించి, ఒకదానిలో ఒకటి దూరేట్టు పెట్టించాను. అరకు దాటి, పాడువా వైపు వెళ్ళే దారిలో గెడ్డ ఒడ్డున ఒక చిన్న పల్లె దగ్గర పడవ కట్టి ఉంది. అక్కడ పరిచయమయ్యాడు బుద్రు. పడవ నడిపేవాళ్ళకు పెద్ద అతనే, ఆ పల్లెకూ పెద్దే. వెదురు గెడ ఒక్కటి చేతిలో ఉంటే చాలు, ఆ పడవను పెంపుడు మేకలా ఎటు కావాలంటే అటు నడిపిస్తాడు.

నాకు నీళ్ళంటే భయం. ఆ సంగతి కనబడకుండా ఉండాలని గట్టిగా మాట్లాడుతూ పని మొదలుపెట్టాను. బుద్రు ఊరుకోలేదు.

"ఏటి సావుకారా, పడవలో కూకుంటే అరుత్తావు, ఒడ్డుకి దిగితే ఊరుకుంటావు?"

"పని చేసేటప్పుడు నా గొంతు అంతే బుద్రన్నా."

పడవలో బిగింపు చాలా తమాషా అయిన పని. స్టవ్‌ను ఒక పక్కన పెడితే పడవ ఆ పక్కకు ఒరుగుతుంది. ఎదురు పక్కన బరువు రాళ్ళు పేర్చాం. అడుగున రేకు పళ్ళెం వేసి, అందులో ఇసుక పోసి, ఇసుకలో ఇటుకలు పరిచి, వాటి మీద నిలబెట్టాను. చెక్కకూ స్టవ్‌కూ మధ్య ఖాళీ వదలాలి. ఈ ఖాళీని క్లియరెన్స్ అంటాం, దీని దగ్గర పిసినారితనం పనికిరాదు. నాకు కష్టమైనా వదిలాను. నేల మీద గోడ కదలదు, పడవ మాత్రం ఊపిరి తీసుకున్నట్టు కదులుతూనే ఉంటుంది. అందుకని పైపు కప్పు దాటే చోట బిగించకుండా, చుట్టూ వదులుగా రేకు పట్టీ వేశాను.

మూడో రోజు పొద్దున్న పని పూర్తయింది. పొగ ఎలా లాగుతుందో చూడకుండా బిగించేవాడెవడూ పని అప్పగించడు. ఎండు పుల్లలు పేర్చి, అగ్గిపుల్ల గీసి వెలిగించాను. పొగ ఒక్కసారి వెనక్కి తన్ని నా కళ్ళలో పడింది, తరువాత మనసు మార్చుకొని గొట్టంలోకి పోయింది. హుమ్‌మని చప్పుడు చేస్తూ మంట నిలబడింది. నేను ఎగిరి గంతేశాను. పడవ ఊగితే వెంటనే కూర్చుండిపోయాను.

బుద్రు మాత్రం గెంతలేదు. గడప దగ్గర చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు. పిడికెడు సామలు మంటలో చల్లాడు, స్టవ్‌కు దండం పెట్టాడు, నాకూ పెట్టాడు. నా పనితనానికి మెచ్చి పెట్టాడనుకొని పొంగిపోయాను.

ఆ పొంగు ఎంతోసేపు లేదు. రాత్రి కబురు అందుకొని పల్లెకు వచ్చి ఉన్న రూతమ్మగారు పరుగున వచ్చారు. ఆమె వెనక ఒక కుర్రాడు భార్యను ఎత్తుకొని వస్తున్నాడు. ఆ పిల్ల పేరు సుక్రి. నెలలు నిండకుండా తెల్లవారుజామున కాన్పు అయింది, ఆడపిల్ల. తల్లికి జ్వరం పట్టుకుంది. రూతమ్మగారి పైట కింద ఉన్న మూటలో, నా పిడికిలంత ముఖం ఒకటి కనిపించీ కనిపించకుండా ఉంది.

"ఆసుపత్రికి తీసుకెళ్ళకపోతే తల్లి దక్కదు. ఈ చలిగాలిలో తీసుకెళితే బిడ్డ దక్కదు. శెట్టిగారూ, మంట నిలబడుతుందా?"

"నిలబడింది అమ్మా! గది వేడెక్కింది కూడా!"

"దేవుడి దయ. బుద్రన్నా, బేగి తియ్యి పడవ."

బుద్రు గెడ కింద పెట్టేశాడు. "తియ్యలేనమ్మా. ఇది ఇప్పుడు పడవ కాదు, ఇల్లు. పొయ్యి ఎలిగింది గదా."

"ఏం మాటలు బుద్రన్నా ఇవి?"

"ఎలిగే పొయ్యితో ఇల్లు కదిలితే లోపలున్నోళ్ళకి నిలకడుండదు. ముందర పసిగుంటకే సెడుద్ది. ఆ గుంట మీద పేనం ఉండబట్టే సెప్తన్నాను."

పడవ నడిపే మిగతావాళ్ళు కూడా గెడలు ముట్టుకోలేదు. సుక్రి భర్త బుద్రు ముఖమూ, బిడ్డ ముఖమూ మార్చి మార్చి చూస్తున్నాడు. అతనికీ అదే నమ్మకం. రూతమ్మగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మంట ఆర్పితే బిడ్డ పోతుంది, ఆర్పకపోతే పడవ కదలదు.

నాకు తెలిసిన విద్య ఒక్కటే. ఎదుటివాడు "కుదరదు" అన్నచోట ఆగకుండా, "మరి ఎలా అయితే కుదురుతుంది?" అని అడగడం.

"బుద్రన్నా, మీరు పోడు మార్చినప్పుడు ఊరు కూడా మారుస్తారు గదా. అప్పుడు పొయ్యిలో నిప్పు ఏం చేస్తారు?"

"ఇంటిపెద్ద కుండలో పెట్టుకొని ముందర నడుత్తాడు. ఎనక్కి తిరగడు, కింద పెట్టడు. ఇల్లు ఆ నిప్పు ఎనకాలొత్తాది."

"అలాగే చేద్దాం! ఈ స్టవ్‌లోంచి నిప్పులు తీసి కుండలో పెట్టి, పడవ ముందర పట్టుకుంటే? ఇల్లు నిప్పు వెనకాలే వచ్చినట్టు గదా?"

బుద్రు ఆలోచించాడు. మిగతావాళ్ళతో తమ భాషలో ఏదో మాట్లాడాడు. "అవుద్ది," అన్నాడు.

నేను తొడ చరిచాను. "మరి ఇంటిపెద్దను పిలవండి, బేగి!"

"ఇంటిపెద్దంటే పొయ్యి ముట్టించినోడు," అన్నాడు బుద్రు. అందరూ నా వైపు తిరిగారు.

నేను ఆ పూటే బండెక్కి ఇంటికి పోవలసినవాణ్ణి. గెడ్డ మీద ప్రయాణం నా ఊహలో కూడా లేదు. "నాకెందుకన్నా ఈ పెద్దరికం? నీకు ఇచ్చేస్తాను, తీసుకో. ఊరికే ఇస్తాను!" అన్నాను. ఎదుటివాడు బేరం మొదలుపెట్టకముందే ఊరికే ఇస్తానని నా నోట రావడం అదే మొదలు.

"పొయ్యేటి సంత సరుకా సావుకారా, సేతులు మారడానికి? కుండ పట్టుకో."

పడవ ముక్కు దగ్గర నన్ను కూర్చోబెట్టారు. ఒళ్ళో గోనె చుట్ట, దాని మీద మట్టికుండ, అడుగున బూడిద, పైన నిప్పులు. ఎదురుగా మంచు విడుతున్న గెడ్డ. గెడలు ఒక్కసారిగా పడ్డాయి, పడవ కదిలింది. నీళ్ళ వైపు చూడకుండా కుండను గోనెతో గట్టిగా పట్టుకున్నాను. కానీ, ఎలా చెప్పను, ఆ భయం అడుగున ఏదో ఉత్సాహం కూడా లేచింది. గాలి తగిలినప్పుడల్లా నిప్పులు ఎర్రబడుతున్నాయి. చల్లబడితే ఊదుతున్నాను, పక్కనున్న బొగ్గు ముక్క ఒకటి వేస్తున్నాను. వెనక ఏమవుతోందో చూడడానికి మాత్రం వీల్లేదు. చెవులే నాకు కళ్ళు. స్టవ్ హుమ్‌మంటోంది, మంచిదే. బిడ్డ ఏడుపు వినబడడం లేదు.

"డాక్టరమ్మా, పిల్ల?" అని ముందుకే చూస్తూ అరిచాను.

"వెచ్చగా ఉంది. మీరు మీ కుండ చూసుకోండి!"

కొంతసేపటికి గెడ్డ గట్టిగా వంపు తిరిగింది. వంపులో నీళ్ళు జోరందుకున్నాయి, గెడలకు నేల అందడం లేదు. ఎదురుగా ఒక పెద్ద కొమ్మ నీటి మీదికి ఒరిగి ఉంది. పడవ గది దాని కింద దూరిపోతుంది, ఫ్లూ పైపు దూరదు. ఒక్కసారి గెడ్డ వెంట దిగి చూసి ఉంటే ఈ కొమ్మ సంగతి నాకు తెలిసేది. భయంతో కొలతలన్నీ ఒడ్డు దగ్గరే తీసుకున్నాను. కొమ్మ తగిలితే పైపు లోపలి అతుకు దగ్గర ఊడుతుంది, గదంతా పొగ. ఆ పసిదాని ఊపిరికి అంత పొగ అక్కర్లేదు.

"డాక్టరమ్మా! స్టవ్ తలుపు కింద గాలి కంత ఉంది, మూసెయ్యండి! పైపులో డాంపర్ ముట్టుకోకండి!" డాంపర్ అంటే పైపు లోపల తిరిగే బిళ్ళ, అది మూస్తే పొగ గదిలోకే వస్తుంది. "అబ్బాయీ, కప్పెక్కు! తడి గోనె చేతులకు చుట్టుకో! పైముక్క తిప్పి లాగు!"

"ఎటు తిప్పాలి?" అన్నాడు సుక్రి భర్త.

"ఎటైనా తిప్పు నాయనా, ఊడిరావాలి!"

పైన ధబధబ అడుగులు. సుర్రుమని తడి గోనె కాలిన చప్పుడు. "అమ్మో!" అని కుర్రాడి కేక. కొమ్మ నా మీదికి వచ్చేసింది. కుండ మీదికి వంగిపోయాను, ఆకులు నా వీపును దువ్వుకుంటూ వెళ్ళాయి. కప్పు మీద గరగర శబ్దం. తరువాత వెలుతురు.

"ఊడింది! సేతిలోనే ఉంది!" అరిచాడు కుర్రాడు.

"తిరిగి పెట్టు! డాక్టరమ్మా, గాలి కంత తియ్యండి!"

గదిలో దగ్గులు. గది తలుపు తీసి పొగ బయటికి విసురుతున్న చప్పుడు. వాటిలో బిడ్డ గొంతు లేదు. వెనక్కి తిరగాలని నా మెడ నరాలన్నీ లాగుతున్నాయి. నిప్పులు ఊదుతున్నాను, వాటి మీదే నీటి చుక్కలు పడి చుయ్‌మంటున్నాయి. అవి నా కన్నీళ్ళేనని ఆలస్యంగా తెలిసింది.

అప్పుడు లోపలి నుంచి సుక్రి నీరసపు గొంతు వినిపించింది. నేను తిరగకూడదని తెలిసి, నా కోసమే చెప్పింది.

"సావుకారా, ఏడుత్తంది! ఇనబడతందా?"

వినబడింది. పిల్లిపిల్ల గొంతంత సన్నగా, కోపంగా. బుద్రు పెద్దగా నవ్వి, "అదీ మన గుంట!" అన్నాడు. గెడలవాళ్ళందరూ కేక వేశారు. నేనూ వేశాను. నీళ్ళ మీద ఉన్నానన్న సంగతి మరిచి కేక వేశాను.

ఆసుపత్రి రేవులో పడవ ఆగింది. దిగబోతూ కుండ కింద పెట్టబోతే బుద్రు గదిమాడు. "పెట్టకు! లోనికి నడు!" మెట్లెక్కి, ఆసుపత్రి వెనక నీళ్ళు కాచే పొయ్యిలో నిప్పులు కుమ్మరించాను. "ఇప్పుడు తిరుగు," అన్నాడు.

తిరిగాను. రూతమ్మగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. మూట విప్పి చూపించారు. పొగకు కళ్ళు ఎర్రబడి, నా మీద ఫిర్యాదు చేస్తున్నట్టు నోరు తెరిచి ఏడుస్తోంది ఆ పిల్ల. తల్లికి జ్వరం తగ్గడానికి చాలా రోజులు పట్టింది. ఇద్దరూ దక్కారు.

ఆ పని నాకు నేర్పినవి రెండు. నీటి మీద బిగించే ఫ్లూ పైపు చేత్తో ఊడేట్టు ఉండాలి, దారంతా చూడకుండా దాని ఎత్తు నిర్ణయించకూడదు. రెండోది, స్టవ్ బిగించడం మన పని, వెలిగించడం ఆ ఇంటివాళ్ళ పని. ఆ తరువాత పెదబయలు నుంచి గూడెం దాకా ఎన్నో స్టవ్వులు బిగించాను. అన్ని చోట్లా అగ్గిపెట్టె ఇంటివాళ్ళ చేతిలో పెట్టి పక్కకు తప్పుకున్నాను. దొరలకు అర్థం కాక నన్ను వింతగా చూసేవారు.

మత్స్యగెడ్డ పడవకు మాత్రం ఆ సూత్రం పనికిరాలేదు. ఏటా వానలు వెళ్ళి చలి మొదలవగానే, ఆ పొయ్యికి ఇంటిపెద్దను నేనేనంటూ బుద్రు కబురు పంపేవాడు. నేను దుకాణం మా నాన్నకు అప్పగించి, ఘాట్ ఎక్కి వెళ్ళేవాణ్ణి. ఒక్క అగ్గిపుల్ల గీయడానికి రెండు రోజుల ప్రయాణం. "ఇందులో మనకు మిగిలేదేమిట్రా?" అని అడిగేవాడు మా నాన్న. పుల్లలు అంటుకొని స్టవ్ హుమ్‌మనగానే సుక్రి కూతురు, ఆ గుంట, వచ్చి, అడక్కుండా నా ఒళ్ళో కూర్చొని, మంట వైపు రెండు చేతులూ చాచేది.