మిరపకాయ బజ్జీకి జత

అదే, ఇందాక పాలు పొంగితే మధ్యలో లేచి వెళ్ళానే, మా ప్రత్తిపాడు కోటిలింగం సంగతి. ఎక్కడ ఆపాను? ఆఁ, పిచ్చి దగ్గర. ఆయనకున్న పిచ్చి ఒక్కటే, జత పిచ్చి. తినేది ఏదైనా సరే, దానికి తగ్గ తాగేది పక్కన లేకపోతే ముద్ద ముట్టడు. ఇంకొకళ్ళని ముట్టనివ్వడు. అదీ అసలు బాధ.

గుంటూరు మిర్చి యార్డులో ఏళ్ళ తరబడి సరుకు చూసిన మనిషి. కాయ తుంచడం, వాసన చూడటం, నాలిక మీద పెట్టుకుని తుపుక్కున ఉమ్మడం, ఇది తేజ రకం, ఇది నిరుటిది, ఇది తడిసి ఆరింది అని చెప్పడం. కోటిలింగం 'కుదరదు' అన్నాడంటే ఆ సరుకు ఎంత ఎర్రగా ఉన్నా సరే, దాని పని అయిపోయినట్టే. పని మానేశాక ఇంట్లో కూర్చున్నాడు గానీ ఆ నాలిక కూర్చోలేదు. మా మీద పడింది.

ఒకసారి జ్వరమొచ్చి డాక్టరు దగ్గరికెళ్ళాడు. ఆయన మాత్ర రాసిచ్చాడు.

"దీనికి జత ఏంటండీ?"

"జతేంటయ్యా? నీళ్ళతో వేసుకో."

"అదేనండీ, కుండ నీళ్ళా, కాచిన నీళ్ళా?"

డాక్టరుగారు ఇంకో మాత్ర రాసి తను వేసుకున్నాడని ఊళ్ళో చెప్పుకుంటారు. నేను చూళ్ళేదు, కానీ నమ్ముతాను.

ఇంకోసారి ఎవరిదో పెళ్ళిలో పులిహోర పక్కన కూల్‌డ్రింకు పెట్టారని వడ్డన ఆపించేశాడు. ఆపించి, "చింతపండు మీద గ్యాసు పోస్తే కడుపులో తగువులాడుకుంటాయి, ముందు మజ్జిగ తెండి!" అని కేక. పెళ్ళికొడుకు చేతిలో ముద్ద చేతిలోనే. భార్య పేరమ్మ స్తంభం వెనక్కి వెళ్ళి నిలబడింది. పాపం, ఏ పెళ్ళికెళ్ళినా ముందు స్తంభం ఎక్కడుందో చూసుకుంటుంది.

నా సంగతీ చెప్పాలి కదా. నేను రహమతున్నీసాని, హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. వాళ్ళింటికీ మా ఇంటికీ మధ్య పిట్టగోడ ఒక్కటే. రంజాన్ నెలలో మా ఇంటికొచ్చి, ఖర్జూరం నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, "అక్కయ్యా, దీనికి రస్నా ఏంటి, సబ్జా గింజల నీళ్ళు పెట్టండి" అన్నాడు. మా తాతల నాటి నుంచి ఉపవాసం విడుస్తున్నాం, ఈయనొచ్చి చెప్పాలా? చెప్పాడు. అప్పట్నుంచీ సబ్జా నీళ్ళే. నిజం చెప్పొద్దూ, బాగుంటాయి.

ఇంతకీ అసలు కథ ఆయన మేనకోడలు హేమశ్రీది. పశువుల డాక్టరమ్మగా ఉద్యోగం వచ్చింది. మామయ్య ఇంట్లో విందు. ఆ పిల్లతో కలిసి చదువుకున్న వాళ్ళు హైదరాబాదు నుంచి వస్తున్నారు, 'వైన్ పార్టీ చేద్దాం అంకుల్, వేళ్ళతో తినేవి నాలుగు రకాలు చేయించండి చాలు' అని ముందుగానే సీసాల పెట్టె పంపారు. ఎర్రవి, తెల్లవి. కోటిలింగం మొహం చూడాలి! కొత్తగా సున్నం వేసిన గోడా, చేతిలోకి బొగ్గుముక్కా దొరికిన పిల్లాడిలా వెలిగిపోయింది.

నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఎందుకంటే హేమశ్రీ నాన్న, అంటే కోటిలింగం అక్క మొగుడు శివనాగరాజు, తాగుడు మానేసి ఏడాది కాలేదు. మానడం ఒక ఎత్తయితే, ఆ తర్వాత నలుగురిలోకి రావడం ఇంకో ఎత్తు. ఏ ఫంక్షనుకెళ్ళినా ఒకడు గ్లాసు పట్టుకొచ్చి, "ఒక్క గ్లాసే బావా, ఏం కాదు" అంటాడు. వద్దంటే మిగతా వాళ్ళంతా ఆయన చేతి వంకే చూస్తారు. అందుకని మనిషి పెళ్ళిళ్ళు మానేశాడు, పేరంటాలు మానేశాడు, ఆఖరికి కూతురి విందుకి కూడా "నువ్వెళ్ళమ్మా, మిరపకి తడి పెట్టాలి" అన్నాడు. హేమశ్రీ వచ్చి నా ముందు కూర్చుని, "నాన్న లేకుండా నాకెందుకు టీచర్ ఈ విందూ, ఈ కేకూ?" అంది.

గోడ మీంచి కేకేశాను. "ఏం తమ్ముడూ, బుద్ధుందా? మీ బావ సంగతి తెలిసీ ఇంట్లో సీసాలు పెడతావా?"

"అక్కయ్యా, సరుకు చూడకుండా తీర్పు చెప్పకూడదు."

"ఏం చూస్తావు సరుకు? నువ్వు ముట్టని వాడివి కదా!"

"తాగుతానా ఏంటి? చూసి ఉమ్మేస్తా."

ఉమ్మేశాడండీ! వారమంతా పేరమ్మ ఒక వాయ వేయించడం, ఈయన ఒక ముక్క కొరకడం, ఒక గుక్క పుక్కిలించడం, పెరట్లో కరివేపాకు మొక్కలో తుపుక్కున ఉమ్మడం. రొయ్యల వేపుడుకి ఎర్రది, తుపుక్. చికెన్ పకోడీకి తెల్లది, తుపుక్. పునుగులు, తుపుక్. ఆ వారం పేరమ్మ చారులోకి కరివేపాకు మా ఇంట్లో అడిగి తీసుకుంది. వాళ్ళ మొక్క ఆకు వేస్తే చారు తూలుతుందేమోనని భయం.

విందు రోజు సాయంత్రం హాల్లో బల్ల, బల్ల మీద సీసాలు, కాళ్ళున్న గాజు గ్లాసులు. శివనాగరాజు వచ్చాడు. వచ్చాడంటే గేటు దాకా. కూతురు చెయ్యి పట్టుకుని లాక్కొస్తే గేటు దగ్గర బండికి ఆనుకుని నిలబడ్డాడు. చెప్పులు విప్పలేదు. లోపలున్న వాళ్ళంతా ఆయన వంక ఒకసారి, సీసాల వంక ఒకసారి చూస్తున్నారు. నాకైతే కోటిలింగం నెత్తిన ఒక సీసా పగలగొడదామనిపించింది.

కోటిలింగం గొంతు సవరించుకున్నాడు. హైదరాబాదు కుర్రాడొకణ్ణి పిలిచి, తేజ మిరపకాయతో వేసిన బజ్జీ ఒకటి తినిపించి, మీద ఎర్ర వైను తాగించాడు. అసలే తేజ, మహా మంట రకం. దాని మీద ఆ వగరు, ఆ ఘాటు. కుర్రాడి చెవులు కూడా ఎర్రబడ్డాయి.

"అంకుల్... నీళ్ళు... నీళ్ళు!"

"నీళ్ళు కాదు నాన్నా. ఇదిగో, అల్లం మజ్జిగ."

గటగటా తాగి కుర్రాడు సోఫాలో కూలబడి, "అమ్మా, ప్రాణం లేచొచ్చింది" అన్నాడు.

"చూశారుగా!" అన్నాడు కోటిలింగం, యార్డులో వేలంపాట పాడినట్టు. "వారం రోజులు చూశాను. మన కారానికి ఇది కుదరదు. కుదరని సరుకు నా బల్లెక్కదు. పేరమ్మా, పెట్టెలో పెట్టెయ్!"

ఇంకొకడు నసిగాడు. "అంకుల్, ఆ తెల్లది, తియ్యగా ఉండేది, అదన్నా..."

"అదసలే కుదరదు!" అన్నాడు ఠక్కున, అటు చూడకుండా.

కోటిలింగం కుదరదన్నాక ఇంకేముంది? గాజు గ్లాసుల్లోకి వేరే వరస దిగింది. బజ్జీకి అల్లం మజ్జిగ, రొయ్యలకి నిమ్మ సోడా, పకోడీకి నన్నారి షర్బత్తు, నాకు అడక్కుండానే సబ్జా. అందరి చేతిలో ఒకటే రకం గ్లాసు, ఒక్కదాంట్లోనూ మందు లేదు. ఇంక ఎవరి చేతి వంక ఎవరు చూస్తారు? చూసినా ఏముంది, మజ్జిగ!

గేటు దగ్గర్నుంచి చెప్పులు విప్పిన చప్పుడు. శివనాగరాజు లోపలికొచ్చాడు. పేరమ్మ చేతిలో పళ్ళెం తీసుకున్నాడు. కూతురు కేకు కోసింది, మొదటి ముక్క నాన్న నోట్లో పెట్టింది. కాసేపటికి చూద్దును కదా, ఆ మనిషి హాలంతా తిరుగుతూ, కనిపించిన వాడికల్లా మజ్జిగ గ్లాసు పట్టించి, "ఒక్క గ్లాసే బావా, ఏం కాదు!" అంటున్నాడు. పొట్ట పట్టుకుని నవ్వాం. నేను నాలుగోదో అయిదోదో తాగాను.

మర్నాడు పేరమ్మ గోడ దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "టీచర్ గారూ, ఎవరికీ చెప్పకండి. ఆ తెల్లది, తియ్యటిది ఉంది చూడండి... బజ్జీతో అది చూసిన రోజు ఆయన ఉమ్మలేదు."

"మరి?"

"మింగాడు! వంటింటి గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుని, 'పేరమ్మా, కుదిరిందే! ఇలాంటి జత నా జన్మలో చూళ్ళేదే' అన్నాడు. సీసాకి మూత బిగించేసి, 'బావ రావాలంటే ఇది కుదరకూడదు' అన్నాడు."

మిరపకాయ విషయంలో, జత విషయంలో జన్మలో అబద్ధం ఆడని మనిషండీ! పులిహోర కోసం పెళ్ళి ఆపిన మనిషి! జన్మకొక్క జత దొరికితే, దాన్ని నిలువునా పెట్టెలో పెట్టించేశాడు. నేను ఎవరికీ చెప్పనని పేరమ్మకి మాటిచ్చాను. మీకు చెప్పానంటే, మీరు వేరే కాదు కదా.

ఇవాళ పొద్దున శివనాగరాజు తేగలు తెచ్చిచ్చాడు. ఒంగోల్లో పెళ్ళికెళ్ళి వస్తూ దారిలో కొన్నాడట. పెళ్ళికి వెళ్ళాడు, విన్నారా! ఉడకబెట్టాను, వేడివేడిగా ఉన్నాయి. ఇన్నేళ్ళూ తేగని తేగలాగే నమిలేశాను. ఇప్పుడు మాత్రం ముట్టుకోబుద్ధి కావడం లేదు. గోడ మీంచి కేకేస్తే వినిపిస్తుంది గానీ, ఈ మాట ఫోన్ చేసే అడగాలి, దర్జాగా. "తమ్ముడూ, తేగకి జత ఏంటి?" అని. గంట వాయిస్తాడు, వాయించనీ. ఉండండి, ఫోన్‌లో ఛార్జింగుందో లేదో చూసుకోనీ.