రోలరమ్మకు పెట్టిన బొట్టు

శూలగిరి దాటాక బస్సు నన్ను దించేసరికి పొద్దున ఏడు. మంచు ఇంకా విడవలేదు. మోకాళ్ల కింద నా కాళ్లు నాకే కనబడలేదు. భుజాన పటాలం నాటి కిట్ బ్యాగు. అందులో ఓవర్‌కోటు, అల్యూమినియం డబ్బా, నీళ్ల సీసా, రెండు జతల మేజోళ్లు. బేరిగై దారి పని మీదున్న ఆవిరి రోలరుకు డ్రైవరుగా పోయి రిపోర్టు చెయ్యి, ఇదీ నాకిచ్చిన ఆర్డరు.

పటాలంలో నేను కొండల మీద రోడ్లు వేసే దళంలో ఉన్నాను. అక్కడ కూడా నడిపింది రోలరే. ఊళ్లో జనం యుద్ధం సంగతులు చెప్పమంటారు. తుపాకీ కన్నా స్టీరింగు చక్రాన్నే ఎక్కువ కాలం పట్టుకున్నవాణ్ని, ఏం చెప్పను? పటాలం నుంచి విడుదలై వచ్చాక, పంతొమ్మిదివందల యాభైల చివర్లో, హోసూరు కృష్ణగిరి మధ్య చేసిన ఈ పనినే నా అసలు డ్యూటీగా లెక్కవేసుకుంటాను. ధైర్యం అనేదాన్ని దగ్గరగా చూసింది కూడా ఇక్కడే.

క్యాంపు అంటే అత్తిముగం వైపు పోయే మట్టిదారి పక్కన మూడు తాటాకు గుడిసెలు, ఒక గుడారం. గుడారంలో ఓవర్‌సీరు. గుడిసెల్లో కంకర మోసే ఆడవాళ్ల గ్యాంగు, బాయిలరుకు నిప్పు వేసే ఫైర్‌మన్ మునియప్ప కుటుంబం. బయట మంచులో నల్లగా రోలరు. పది టన్నులు. ముందు ఒక వెడల్పాటి చక్రం, వెనక రెండు, నెత్తిన రేకు కప్పు, పొడుగాటి పొగగొట్టం. దాని నడక సంగతి చెబితే మీరు నమ్మరు. ఒకసారి దాని ముందర పొదిగిన కోడి, అది దగ్గరికి వచ్చేలోపు పిల్లల్ని లేపి, వాటికి మేత వెతకడం నేర్పించి, తీరిగ్గా పక్కకు తప్పుకుంది. ఈల మాత్రం గొప్పది. నేను ఇక్కడ ఈల వేస్తే రాయకోట కొండ మీద మేకలు లేచి నిలబడేవి. ఆ కొండ కిందే మా ఊరు. ఆ కూత విన్నాకే మా ఇంటిది సంగటికి ఎసరు పెట్టేదని నేను చెబుతాను. ఆమె కాదంటుంది.

ఓవర్‌సీరు ఆ పొద్దునే విషయం తేల్చేశాడు.

"డ్రైవరూ, ఇది రెండుసార్లు నడిరోడ్డులో నిలిచిపోయింది. మూడోసారి నిలిస్తే కృష్ణగిరి యార్డుకు పంపి ముక్కలు చేసి అమ్ముతారు. నిన్ను ఇంకో బండికి మారుస్తారు. మునియప్ప ఇంటికి పోవాల్సిందే."

మునియప్ప పక్కనే నిలబడి గుడ్డతో ఇత్తడి పైపు తుడుస్తున్నాడు. నలభై దాటిన మనిషి. కనుబొమలు నిప్పుసెగకు ఎప్పుడో కాలిపోయాయి, మళ్లీ మొలవలేదు. బేరిగై అవతల అతనికున్న భూమిలో ఉలవలు కూడా సరిగా పండవు. భార్య, ఇద్దరు ఆడపిల్లలు. రోలరు ఉంటే అన్నం ఉంది, లేదంటే లేదు.

"ఏమప్పా, పటాలంలో బాయిలరుకు ఏం కట్టెలు ఏసినారు?" అని మాత్రం అడిగాడు.

"బొగ్గు."

"అదృష్టవంతులు. ఈడ తుమ్మ మొద్దులు. పొగ తాగితాగి నా పెండ్లాం నన్ను గుర్తుపట్టేది దగ్గుతోనే."

రోజూ తెల్లవారుజామున అతను పొయ్యి రాజేసేవాడు. రెండున్నర గంటలు కాలిస్తే ఆవిరి లేచేది. అంతలోపు పార మీద వేరుశెనక్కాయలు వేయించి నా అల్యూమినియం డబ్బాలో పోసేవాడు. ఏడింటికి పని మొదలు. రోడ్డు అంచు నుంచి నడిమికి తొక్కాలి, నడిమి నుంచి అంచుకు కాదు. ముందు ఒట్టి కంకర, తర్వాత గ్రావెల్, తర్వాత నీళ్లు, మళ్లీ తొక్కుడు. చక్రం కింద రాయి ఒకదానిలో ఒకటి బిగుసుకోవాలి గానీ పక్కకు జారకూడదు.

గ్యాంగుకు పెద్ద గంగమ్మ. యాభై ఏళ్లుంటాయి. సన్నటి మనిషి. నెత్తిన గంపెడు కంకర పెట్టుకుని నడుస్తూ వక్కాకు నమిలేది, తిట్టేది, నవ్వేది, మూడూ ఒకేసారి. మాకిద్దరికీ రోజూ ఒకటే తగువు.

"గంగమ్మా, మందంగా పోయొద్దని ఎన్నిసార్లు చెప్పాలి? చక్రం దిగబడుతుంది."

"దిగబడితే నీ పటాలాన్ని పిలుచుకోని లాగించుకో అప్పా. మోసేది మా నెత్తి, నొచ్చేది నీకా?"

వెదజల్లిన రాయి పలచగా ఉంటేనే రోలరు దాని మీద నడుస్తుంది. ఒకచోట మోకాలెత్తు పోస్తే మునిగిపోయి నిలిచిపోతుంది. ఇది గ్యాంగులో ప్రతి ఆడమనిషికీ నా అరుపుల వల్లే తెలిసింది.

ఆయుధపూజ వచ్చింది. ఆడవాళ్లందరూ కలిసి రోలరును కడిగి, పసుపు రాసి, చామంతి దండలు వేశారు. వాళ్లకది యంత్రం కాదు, రోలరమ్మ. మొదటి బొట్టు పెట్టడానికి ఇంజనీరును పిలిచారు. సేలం వైపు నుంచి వచ్చిన అరవ కుర్రాడు, ఉద్యోగం కొత్త, భక్తి పాతది. జీపు దిగి, బూట్లు విప్పి, రోలరు చుట్టూ తిరిగాడు.

"మొహం ఎక్కడమ్మా దీనికి?" అన్నాడు వచ్చీరాని తెలుగులో.

"మీకు యాడ కనబడితే ఆడే సామీ," అంది గంగమ్మ.

డ్రైవరు నిలబడే చోట, బాయిలరు వెనక భాగంలో, నిలువుగా ఒక గాజు గొట్టం ఉంటుంది. లోపల నీళ్లు ఎంత ఉన్నాయో అందులో తెలుస్తుంది. తోమిన ఇత్తడి మధ్య ఆ గాజు తళతళ మెరుస్తోంది. ఆయనకు అదే మొహంలా కనబడింది. విభూతి, చందనం కలిపి మూడు పట్టెలు అడ్డంగా నిండుగా పెట్టాడు. మీద అర్ధరూపాయంత కుంకుమ. గుమ్మడికాయ కొట్టారు. అందరికీ బొరుగులు, బెల్లం.

మర్నాడు సెలవు. ఆ మర్నాడు పనికి ఎక్కి చూస్తే గాజు మీద విభూతి సున్నంలా ఎండి అతుక్కుపోయింది. లోపల నీళ్లున్నాయో లేవో దేవుడికే తెలియాలి.

"మునియప్పా, గ్లాసు తుడువు."

అతను గుడ్డ తీశాడు. తీసి, నిలిచిపోయాడు. కింద నుంచి గంగమ్మ చూసింది.

"ఏమి చేస్తా ఉండావు మునియప్పా? అమ్మ బొట్టు తుడుస్తావా? మా రోలరమ్మ తాళి నీ చేత్తో తెంపుతావా?"

"నేనెందుకు తుడుస్తానక్కా," అన్నాడు మునియప్ప, గుడ్డ నడుముకు చెక్కుకుంటూ. తర్వాత నాతో మెల్లిగా అన్నాడు. "పెట్టింది ఆపీసరు. తుడిస్తే ఆపీసుకూ తప్పే, అమ్మకూ తప్పే. నేను కడవల లెక్కన పోస్తానప్పా. దీని దాహం నాకు తెలియదా?"

దాహం అతనికి నిజంగానే తెలుసు. పొద్దున పది దాకా చదును మీద ఏ తేడా రాలేదు. తర్వాత దిగుడు వచ్చింది. పొడుగాటి వాలు. అడుగున రోడ్డు కింద వాననీళ్లు పోయేదానికి కొత్తగా కట్టిన మోరీ, గార ఇంకా పచ్చిది. మోరీకి ఇవతల గ్యాంగు కంకర పోస్తోంది. ఎడమ పక్క గుంత, కుడి పక్క రాతి గుట్ట.

రోలరు ముక్కు కిందికి వంగితే బాయిలరులో నీళ్లు ముందుకు పోతాయి. వెనక నిప్పుగూటి కప్పు నీళ్లు లేకుండా బయటపడుతుంది. నీళ్లు నిండుగా ఉంటే పరవాలేదు. ఆ రోజు నిండుగా లేవు. చూడాల్సిన గాజు విభూతి పూసుకుని కూర్చుంది. కప్పు కాలిపోకుండా దానిలో ఒక సీసం ప్లగ్గు బిగించి ఉంటుంది. నీళ్లు తప్పితే సీసం కరిగి, ఆవిరి నిప్పు మీద పడి ఆర్పేస్తుంది. బాయిలరు పేలకుండా అదొక కాపలా.

కాపలా పనిచేసింది. పులి పది మేకల్ని ఒక్క బిగిన మింగి తేన్చినట్టు లోపల చప్పుడు. పొగగొట్టం నుంచి తెల్లటి మబ్బు. నిప్పు చచ్చిపోయింది. ఆవిరి ఉంటేనే వాలులో దాన్ని వెనక్కి లాగి పట్టగలం. అది లేకపోతే మిగిలేది పది టన్నుల ఇనుము. చేతి బ్రేకు ఉంది. రోలరుకు అది ఎద్దు మెడలో గంట లాంటిది, మోగుతుంది గానీ ఆపదు.

మొదట నడక. తర్వాత పెద్ద అంగలు.

"మునియప్పా, దూకు."

"యాడికప్పా దూకేది?" అతను రెండు చేతులతో బ్రేకు చక్రానికి వేలాడుతున్నాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. "ఇది మోరీలో పడితే నేను దూకి బతికేది ఏం తినేదానికి? నువ్వు నడిమికి పట్టుకో."

నేను నడిమికి పట్టాను. గొలుసు మీద తిరిగే స్టీరింగు అది. పది చుట్లు తిప్పితే ఒక జానెడు మాట వింటుంది. ఈల వేద్దామంటే ఆవిరి లేదు. గొంతు చించుకుని అరిచాను.

గ్యాంగులో పడుచుపిల్లలు గంపలు పడేసి గుట్ట వైపు పరిగెత్తారు. గంగమ్మ పరిగెత్తలేదు.

"పారిపోబాకండే. మునియప్ప కూడు పోతా ఉంది చూడండి. కంకరంతా ఈడ పోయండి. ఆయప్ప రోజూ తిడతాడే, అట్లా పోయండి. మందంగా."

వెనక్కి వచ్చారు. అందరూ వచ్చారు. పక్కన గుట్టలు పోసిన కంకరను గంపలతో, చేటలతో, ఉత్త చేతులతో రోడ్డు మీదికి తోశారు. రెండు వరసలుగా నిలబడి, పోసినవాళ్లు పక్కకు, నింపుకున్నవాళ్లు ముందుకు. నేను పటాలంలో కసరత్తు నేర్చుకున్నాను, నేర్పించాను కూడా. ఇంత శుభ్రమైన కసరత్తు ఎక్కడా చూడలేదు. ఒక్కతె కూడా తలెత్తి రోలరు వైపు చూడలేదు. ఎంత దూరంలో ఉందో గంగమ్మ చెబుతోంది, వాళ్లు వింటున్నారు.

"ఇంకో గంప. ఇంకొకటి. ఇప్పుడు జరగండి."

ముందు చక్రం కంకరలోకి దిగింది. దిగి, దున్నుకుంటూ పోయింది. రాళ్లు పటపటమని పగిలాయి. నా దవడలు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. మోరీకి నాలుగు బారల ఇవతల రోలరు ఇరుసు దాకా మునిగి ఆగింది.

మునియప్ప బ్రేకు వదల్లేదు. నేనే వేళ్లు ఒక్కొక్కటిగా విప్పాను.

పదకొండింటికి ఇంజనీరు జీపు వచ్చింది. ఓవర్‌సీరు ముందే అంతా చెప్పేశాడు: ప్లగ్గు కరిగింది, నీళ్లు చూసుకోలేదు, మూడోసారి నిలిచింది. ఇంజనీరు మొహం ఎర్రబడింది.

"గ్లాసులో నీళ్లు చూడలేదా మునియప్పా?"

మునియప్ప బొబ్బలెక్కిన చేతులు వెనక్కి పెట్టుకుని తల దించుకున్నాడు. అతని భార్య గుడిసె దగ్గర పిల్లల్ని పట్టుకుని నిలబడి ఉంది. గంగమ్మ ముందుకు వచ్చింది.

"చూసేదానికి మీ బొట్టు అడ్డమొచ్చింది సామీ. మీరు మా అమ్మ మొకాన పెట్టినదాన్ని మేమెట్ల తుడిచేది? ఆయప్ప తుడవబోతే నేనే వద్దన్నాను. పంపితే నన్ను పంపండి ఇంటికి."

ఇంజనీరు బూట్లు విప్పాడు. రోలరు ఎక్కాడు. గాజు గొట్టం మీద తన చేతి మూడు పట్టెలనూ చూశాడు. చెంబుతో నీళ్లు తెమ్మని, జేబురుమాలు తడిపి, దండం పెట్టుకుని మెల్లిగా తుడిచాడు. ఉట్టి గాజు బయటపడింది. రుమాలుకు అంటిన కుంకుమను వేలితో తీసి, పక్కనున్న పెద్ద చక్రం నడుమ పెట్టాడు.

"ఇక్కడ పెడితే తప్పు లేదు కదమ్మా?"

"పెట్టిన చెయ్యే తీసి పెట్టింది సామీ. ఏం తప్పు?"

ఆయన దిగి బూట్లు తొడుక్కుంటూ ఓవర్‌సీరుతో అన్నాడు. "తప్పు నాది. ప్లగ్గు మార్పించండి. బండి యార్డుకు పోదు. చేతులు మానేదాకా మునియప్ప నీడలో కూర్చుని పని చెబుతాడు."

ఓవర్‌సీరు తల ఊపాడు. గంగమ్మ వక్కాకు ఉమ్మి, రోలరును తవ్వి తీయడానికి గ్యాంగును పిలిచింది.

వానలు పడేలోపు బేరిగై దాకా రోడ్డు వేశాం. రోలరును నేనూ మునియప్పా కృష్ణగిరి వైపు ఇంకో పనికి నడిపించుకు పోయాం. కొన్నేళ్లకు డీజిల్ రోలర్లు వచ్చాయి. నేను సంచీ సర్దుకుని రాయకోటకు వచ్చేశాను. మా ఇంటిది వాకిట్లో నన్ను చూసి, గడ్డం పెంచుకుని వచ్చిన సన్యాసి అనుకుని గుప్పెడు రాగులు తెచ్చింది. ఇదీ ఆమె కాదంటుంది.

ఊళ్లో కూర్చుని నేను చెప్పే కథల్లో ప్రతిసారీ వాలు కొంచెం నిటారవుతుంది. రోలరు ఒకట్రెండు టన్నులు బరువెక్కుతుంది. అందులో ఒక్కటి మాత్రం నేను పెంచింది కాదు, తగ్గించిందీ కాదు. రోలరు ఆగిన క్షణాన దుమ్ములో నుంచి తలెత్తి చూశాను. ముందు చక్రం ఎదుట గంగమ్మ ఒక్కతే ఉంది. ఒక అరచెయ్యి ఆ ఇనుము మీద ఆనించి, బెదిరిన ఆవు నొసలు నిమురుతున్నట్టు నిమురుతోంది. రెండో చేత్తో, చక్రం కింద సగం నలిగిన తన గంపను మెల్లిగా లాక్కుంటోంది.