మంజులత ఎందుకు ఆగేది

త్రిపురసుందరి టీచరుకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా బళ్లో అందరూ అంటారు. ఆ టీచర్ని నేనే. ఎల్లమ్మ గురించి చెప్పాలంటే ముందు ఆ కోపం సంగతి ఒప్పుకోక తప్పదు, ఎందుకంటే ఆమె మా బడి మెట్లెక్కింది దానివల్లే.

ఎల్లమ్మది ఫిల్మ్‌నగర్ బస్తీ. మా బడి గోడ దాటితే మూడో సందు. ముప్పై ఏళ్లుగా చిన్న వేషాలు వేస్తోంది. పనిమనిషి, పాలమ్మే మనిషి, పెళ్లి పందిట్లో వెనక నిలబడే మేనత్త. మొదట సినిమాలు, తర్వాత టీవీ సీరియళ్లు. ఇంట్లో "గట్ల గాదు బిడ్డా" అనే మనిషి, కెమెరా ముందుకు రాగానే "అలా కాదండీ అమ్మగారూ" అని మా గుంటూరు వాళ్లకంటే తియ్యగా పలుకుతుంది. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. అప్పటికి ఆమె నా దృష్టిలో మంజులత వాళ్ల నాయనమ్మ, అంతే. పొద్దున్నే పిల్లను గేటు దగ్గర దింపి, ఆటో ఎక్కి శ్రీనగర్ కాలనీలో ఏదో షూటింగు ఇంటికి వెళ్లిపోయేది.

ఆ జూన్‌లో నాకు నాలుగో తరగతి ఇచ్చారు. బడి తెరిచిన రెండో వారంలోనే చదివే పరీక్ష పెట్టమన్నారు. ఒక్కో పిల్లను పిలిచి చిన్న కథ చదివించాలి. అక్షరాల దగ్గర ఆగిపోయారా, పదాల దగ్గరా, వాక్యాలు చదివారా, కథ మొత్తం చదివారా చూసి గడిలో టిక్కు పెట్టాలి. ఒక్కొక్కరికి ఒక నిమిషం. మరీ వెనకబడిన వాళ్లను సోమవారం నుంచి రెండో తరగతిలో కూర్చోబెడతామని హెడ్మాస్టరు వెంకటాచలం గారు చెప్పేశారు.

మంజులత వచ్చింది. కాగితం అందుకుంది. "ఒక ఊరిలో" అని నోట్లో నోట్లో అనుకున్నట్టు చదివి ఆగింది. నా మొహంలోకి చూసింది.

"చదువు" అన్నాను.

"ఒక ఊరిలో" అని మళ్లీ అదే చదివింది. మళ్లీ ఆగింది. మళ్లీ నా మొహం.

"నా మొహమ్మీద రాసుందా? కాగితం చూడు!"

"ఒక ఊరిలో" అంది, ఇంకా మెల్లగా.

నిమిషం అయిపోయింది. పదాల గడిలో టిక్కు పెట్టి, పేరు జాబితాలో రాసేశాను. నోటు పుస్తకంలో ఆ పిల్ల జవాబులు శుభ్రంగా ఉంటాయని గుర్తొచ్చింది గానీ, పక్క పిల్లను చూసి రాసి ఉంటుందిలే అని సర్దిచెప్పుకున్నాను. అంతటితో ఊరుకున్నానా? "సోమవారం నుంచి నువ్వు రెండో తరగతిలో కూర్చుంటావు" అని అందరి ముందే అన్నాను. అది బుధవారం.

శనివారం మధ్యాహ్నం, పిల్లలు అన్నాలు తింటున్న వేళ, ఎల్లమ్మ వచ్చింది. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితాలు.

"నా మనుమరాలికి చదువు రాదన్న టీచరమ్మ ఎవరు?"

"నేనే. ఏం?"

"ఏమంటరేందమ్మా! మూడు దినాలాయె, పోరి నా డైలాగుల పేపరు ముట్టుతలేదు. ‘నాకు చదువు రాదంట, నన్ను చిన్నపిల్లల్ల కూసోబెడుతరంట’ అని ఒకటే ఏడుపు. ఎంత బతిలాడినా పుస్తకం తెరుస్తలేదు. రేపు పొద్దుగాల నాకు రెండు పేజీల సీనున్నది. పనిమనిషి గాదు, తల్లి వేషం. ముప్పై ఏండ్లకు వచ్చింది. ఎవరు చదివి పెట్టాలె నాకు?"

"మీరే చదువుకోవచ్చుగా?" అన్నాను. నా నోరు అలాంటిది మరి.

"కండ్లజోడు ఇంట్ల మరిచిన" అంది ఠక్కున. అని, కాసేపు కాగితాల వైపు చూసుకుంది. "అబద్ధం టీచరమ్మా. నాకు జోడే లేదు. బియ్యంల మెరిగెలు దీపం లేకున్నా ఏరుత. అక్షరం రాదు నాకు. సెట్ల ఎవ్వరికీ తెల్వది. నీ దగ్గర దాచి లాభం లేదని చెప్తున్న."

బెంచీ చూపించి కూర్చోమన్నాను. మంజులతను పిలిపించాను. నన్ను చూడగానే గుమ్మంలోనే నిలబడిపోయింది.

"గామెను జూడకు. నన్ను జూడు, నా బంగారం కదా" అని ఎల్లమ్మ కాగితాలు చేతిలో పెట్టింది. "జర చదువు బిడ్డా. నీకొస్తదో రాదో నాకెరుక."

పిల్ల కాగితాల మడతలు విప్పింది. తర్వాత గొంతులో ఏ భావమూ లేకుండా, మెల్లగా, "నా కొడుకు" అని చదివి ఆగింది. నాయనమ్మ మొహంలోకి చూసింది.

"నా కొడుకు..." అంది ఎల్లమ్మ. ఆ రెండు మాటల్లోనే ఏడుపు వినిపించింది.

"మీకేం ద్రోహం చేశాడని" అంది పిల్ల.

"మీకేం ద్రోహం చేశాడని!"

"ఈ గడపలో అడుగుపెట్టొద్దన్నారు."

ఎల్లమ్మ తడబడింది. పిల్ల విసుక్కోలేదు. ముందుకూ వెళ్లలేదు. "ఈ గడపలో అడుగుపెట్టొద్దన్నారు" అని అదే ముక్క మళ్లీ అందించి, ఆమె మొహం చూస్తూ ఆగింది.

ఒక ఊరిలో. ఒక ఊరిలో. ఒక ఊరిలో. అయ్యో నా మతి మండ! నేను తిరిగి అనడం లేదని, మర్చిపోయాననుకుని, పాపం పిల్ల నాకు మూడుసార్లు మాట అందించింది. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఎందుకే అలా ఆగుతావు?" అని అడిగాను, ఈసారి మెత్తగానే.

"నాయనమ్మ అన్నాకనే తర్వాతది చదవాలె టీచర్."

"మరి అంత మెల్లగా ఎందుకు?"

"ఆదివారం సెట్టుకు పోత కద. గట్టిగ చదివితే అందరికి తెలిసిపోతది."

"భావం లేకుండా చదువుతావేం?"

దానికి ఎల్లమ్మే జవాబిచ్చింది. "భావం నా పని టీచరమ్మా. అది గూడ గదే పెడితే ఇగ నేనేం జెయ్యాలె?"

నేను తప్పులుగా లెక్కేసుకున్నవన్నీ ఆ ఇంట్లో ఆ పిల్ల నేర్చిన పనితనం. అప్పుడే బీరువాలోంచి పరీక్ష కాగితం తీసి పక్కన కూర్చున్నాను. "ఒక ఊరిలో" అంది. "ఒక ఊరిలో" అన్నాను. "ఒక కుమ్మరి ఉండేవాడు" అంది. నేనూ అన్నాను. అలా ఇద్దరం కథ చివరిదాకా వెళ్లాం. ఒక్క మాట తప్పలేదు.

"గాడిద ఎందుకు నడవనంది?" అని అడిగాను.

"దాని కాలు నొస్తుంది టీచర్. కుమ్మరికి తెల్వక కొట్టిండు."

కాలు నొప్పి అన్న మాట కథలో లేదు. గాడిద కుంటుతోందని మాత్రమే ఉంది. మిగతాది పిల్ల తనంతట తాను పట్టుకుంది. ఆ కుమ్మరి ఎవరో నాకు అర్థమై సిగ్గేసింది. అయినా గుండె మీంచి బండ దిగినట్టయింది. హమ్మయ్య, సోమవారం ఇంకా రాలేదు!

జాబితాలో ఆ పేరు కొట్టేసి పక్కన ఇలా రాశాను: "చదువుతుంది. అర్థం చేసుకుంటుంది. ఒక్కతే, ఆగకుండా, గొంతు విప్పి చదవడం అలవాటు చేయాలి." వెంకటాచలం గారు ఇంత రాతకు గడిలో చోటెక్కడిదన్నారు. గడి దాటి రాశానన్నాను. జాబితాలో మిగిలిన ఐదుగురినీ గడియారం లేకుండా మళ్లీ కూర్చోబెట్టాను. వాళ్లలో ఒక పిల్లకు నిజంగానే కళ్లజోడు కావాలని తేలింది.

ఎల్లమ్మ సీను మొదటి టేకులోనే ఓకే అయిందట. సోమవారం పొద్దున గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. మంజులత నాలుగో తరగతిలో తన చోట్లో కూర్చుంది.

రోజూ పది నిమిషాలు ఆ పిల్లకు కేటాయించాను. మొదట ప్రతి ముక్కా నేను తిరిగి అనేదాన్ని. తర్వాత వాక్యం చివర మాత్రమే. ఆ తర్వాత తల ఊపడంతో సరి. దసరా సెలవులకు ముందు, నేను వెనక బెంచీలో కూర్చుంటే, నల్లబల్ల దగ్గర నిలబడి పాఠమంతా నాకు వినపడేలా గడగడా చదివేసింది.

సెలవులు అయ్యాక ఎల్లమ్మ మళ్లీ వచ్చింది, నడుం మీద చేతులు పెట్టుకుని.

"మంచిగనే నేర్పినవ్ టీచరమ్మా! ఇప్పుడు ఆగుతనే లేదు. నేను ఒక్క మాట అనేలోపల అది పేజీ దాటి ఉరుకుతుంది. నా గతేంగావాలె?"

నవ్వాపుకోలేకపోయాను. ఆమె నవ్వలేదు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"నాకూ గా పరీక్ష పెట్టు. నేనెక్కడున్ననో నాకూ తెల్వాలె."

తలుపు దగ్గరకు వేసి, అక్షరాల కాగితం ఆమె ముందు పెట్టాను. వేలు చాలాసేపు కాగితమ్మీద తిరిగింది. సంతకం కోసం నేర్చుకున్న అక్షరం దగ్గర ఆగింది.

"ఎ" అంది మెల్లగా. అని, నా మొహంలోకి చూసింది.

ఈసారి నేను గడియారం చూడలేదు.

"ఎ" అన్నాను.

ఎల్లమ్మ వేలు పక్క అక్షరం మీదికి జరిగింది.